ఖాళీ తక్కెడ చూపించు

మా అమ్మ కూరగాయల బండి దగ్గర ఏం కొన్నా ముందు ఒకటే మాట అనేది. "ఖాళీ తక్కెడ చూపించు." బండివాడు మొహం మాడ్చుకుని తక్కెడ పైకెత్తేవాడు. రెండు పళ్లేలూ సమంగా నిలిచేదాకా చూసి, పళ్లెం అడుగున చింతపండు ముద్ద గానీ అయస్కాంతం గానీ అంటించాడేమోనని వంగి మరీ చూసి, అప్పుడు "ఊఁ, వెయ్యి" అనేది. వేసేటప్పుడు కూడా చూపు వాడి బొటనవేలు మీదే. "ఏంటమ్మా, రోజూ కొంటావు, రోజూ అనుమానమేనా" అంటే, "రోజూ కొంటాను కాబట్టే" అనేది. నేను ఆవిడ కూతుర్ని. ఎక్కడ తూకం జరుగుతున్నా తూచేవాడి బొటనవేలు ఎక్కడుందో వెతుకుతాను. మా ఆయన నాకు అనుమానప్పక్షి అని పేరు పెట్టాడు. ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు తూచే ముందు మిషన్ మీద సున్నా ఉందో లేదో చూస్తానని షాంటిలీలో మా స్నేహితులందరికీ చెప్పి నవ్విస్తాడు. నవ్వుకోనీ.

ఇలాంటి మనిషిని తీసుకెళ్లి ఒక ఫారంలో, పుట్టిన దూడల్ని తూచే పనిలో పెట్టారు. ఇక చెప్పేదేముంది.

నేను చదివింది పశువైద్యం. పెళ్లికి ముందు మా జిల్లాలో గేదెలకీ గిత్తలకీ సూదులు వేసిన చెయ్యి ఇది. అమెరికా వచ్చాక ఆ డిగ్రీ ఇక్కడ చెల్లదన్నారు. లైసెన్స్ కావాలంటే మళ్లీ పరీక్షలు, మళ్లీ ప్రాక్టికల్స్. మా ఆయన పొద్దున్నే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే సాయంత్రం దాకా మీటింగులే. ఇంట్లో ఆ మీటింగులు వింటూ కూర్చుంటే నాకు పిచ్చెక్కేలా ఉండేది. వర్క్ పర్మిట్ రాగానే వెతికి వెతికి, అరవై ఆరో నంబర్ రోడ్డు మీద పడమరకి గంటకి పైగా డ్రైవ్ చేస్తే వచ్చే ఒక ఆవుల ఫారంలో పని సంపాదించాను. అవి పాడి ఆవులు కావు, మాంసం కోసం పెంచే జాతి, నల్లగా నున్నగా ఉంటాయి. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. "ఆవుల ఫారం" అంటాను. విన్నవాళ్లు పాలనుకుంటారు, నేను అనుకోనిస్తాను. మా కాలనీలో ఒకావిడ గృహప్రవేశానికి ఆవునీ దూడనీ పంపించగలవా అని అడిగింది. వాటికి కొత్త ఇల్లు పడదండీ, బెదురుతాయి అని ఏదో చెప్పి తప్పించుకున్నాను.

ఆ ఫారం యజమాని డెబ్బైకి దగ్గరపడుతున్న పెద్దాయన. భార్య పోయి రెండేళ్లయింది. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఆవులూ, ఒక ముసలి కుక్కా. నన్ను మొదటి రోజు నుంచీ "డాక్" అని పిలిచేవాడు. నాకిక్కడ లైసెన్స్ లేదు, అలా పిలవద్దు అంటే, "ఆవులు లైసెన్స్ అడుగుతాయా" అనేవాడు. వెక్కిరిస్తున్నాడేమోనని కొన్నాళ్లు ఆ పిలుపునీ అనుమానించాను.

ఆయన అమ్మేది మాంసం కాదు, ఆంబోతుల్ని. చుట్టుపక్కల రైతులు తమ మందల కోసం ఆయన దగ్గర ఆంబోతులు కొంటారు. కొనేముందు వాళ్లు అడిగే మొదటి ప్రశ్న, దీని దూడలు పుట్టినప్పుడు ఎంత బరువుంటాయి అని. ఎందుకంటే తొలిచూలు పడ్డలకి, అంటే మొదటిసారి ఈనబోయేవాటికి, కటి ఇంకా ఇరుకు. పెద్ద దూడ పడితే మధ్యలో ఇరుక్కుంటుంది. కాళ్లకి గొలుసులు కట్టి లాగాలి. లాగినా ఒక్కోసారి పిల్లా దక్కదు, తల్లీ దక్కదు. అందుకని పడ్డలున్నవాళ్లు తేలికైన దూడల్ని ఇచ్చే ఆంబోతునే కొంటారు. దూడ పుట్టిన రోజే తూచి, ఆ బరువు దాని చెవి ట్యాగ్ వెనకాల ఇంకు పెన్నుతో రాస్తాం. ఆ అంకె చూసి ఎదుటివాడు తన పడ్డల ప్రాణాలు పందెం కాస్తాడన్నమాట.

పగలు పుట్టిన దూడల్ని నేను తూచేదాన్ని. కొట్టంలో దూలానికి స్ప్రింగ్ తక్కెడ వేలాడదీసి, దూడ పొట్ట కింద గుడ్డ ఉయ్యాల వేసి ఎత్తితే ముల్లు బరువు చూపిస్తుంది. పొద్దున నేను పనికి రాకముందు, తెల్లవారుజామున బయట పచ్చికలో పుట్టినవాటిని పెద్దాయన తూచేవాడు. ఆయన పద్ధతి వేరు. ట్రక్కులో ఒక చెక్కపలకా, ఇంట్లో బాత్రూంలో ఉండే డిజిటల్ తూకం మిషనూ పెట్టుకుని తిరిగేవాడు. అది ఆయన భార్యది. పలక పరిచి, దానిమీద మిషన్ పెట్టి, దూడని చేతుల్లో ఎత్తుకుని ఎక్కి నిలబడేవాడు. దిగాక కూడా కాసేపు అంకె అలాగే నిలిచుంటుంది. అందులోంచి తన బరువు తీసేసి, మిగిలింది ట్యాగ్ మీద రాసేవాడు. ఇక్కడ చాలామంది రైతులు అలాగే చేస్తారట. నాకు మాత్రం మొదటిసారి చూసినప్పుడే మనసులో ముల్లు గుచ్చుకుంది. ఆ తీసివేత అంతా బుర్రలోనే జరుగుతుంది కదా, ఎవరు చూడొచ్చారు అనుకున్నాను.

ఆ ఏడు గొడవంతా ఒక మూడేళ్ల నల్ల ఆంబోతు గురించి. మంచి ఆంబోతు, పిల్లిలా సాధువు. మొదటిసారిగా దాని దూడలు పడుతున్నాయి. పక్క ఫారం ఆవిడ దాని మీద కన్నేసింది. ఆవిడ స్కూల్ బస్ నడుపుతుంది, మిగతా టైమ్‌లో తండ్రి వదిలివెళ్లిన చిన్న మందని చూసుకుంటుంది. ఆ మందంతా పడ్డలే. అంతకుముందు ఏడాది ఎక్కడో దూరంగా, తేలిక దూడలిస్తుందని చెప్పి అమ్మిన ఆంబోతుని కొని మోసపోయింది. ఒక పడ్డ తన చేతుల్లోనే పోయిందని చెప్పింది. గొలుసులు లాగీ లాగీ అరచేతులు కోసుకుపోయాయట. "అది చివరిదాకా నన్నే చూసింది" అంది. మా ఊళ్లో నా చేతుల్లో కూడా అలా పోయినవి ఉన్నాయి.

ఆవిడ బస్ ట్రిప్ అయ్యాక మా కంచె దగ్గర ఆగి దూడల చెవులు చూసుకునేది. "ఈయన ట్యాగ్ మీద రాస్తే ఇక దానికి తిరుగులేదు" అనేది. ఈతలు అయిపోగానే ఆ ఆంబోతుని తీసుకెళ్లి పడ్డల్లోకి వదలాలని ఆవిడ ప్లాన్. అంటే నా చేతిలో ఉన్నది ఆ కొద్ది వారాలే.

జనవరిలో మొదలైంది నా అనుమానం. ఒకే ఆంబోతు దూడలు, ఒకే మంద, ఒకే మేత. నేను తూచినవి ఎనభైకి అటూ ఇటూ పౌన్లు ఉంటే, ఆయన తూచినవి అంతకన్నా కాస్త తక్కువ. మొదట పెద్ద తేడా ఏం కాదు. తెల్లారగట్ట పుట్టేవి చిన్నవేమోలే అని సర్దిచెప్పుకున్నాను. ఫిబ్రవరికి తేడా పెరిగింది. అప్పుడొక రోజు, పొద్దున ఆయన ట్యాగ్ వేసిన దూడని పట్టుకొచ్చి నా ఉయ్యాలలో వేశాను. ట్యాగ్ మీద ఉన్నదానికీ నా ముల్లు చూపించినదానికీ పది పౌన్లు తేడా. ముర్రుపాలు తాగితే కాస్త పెరుగుతుంది, నిజమే. పొద్దున్నించి మధ్యాహ్నానికి పది పౌన్ల పాలు తాగే దూడని నేనింతవరకూ చూడలేదు.

నా తక్కెడే తప్పేమో అని ముందు దాన్నే పరీక్షించాను. అమ్మ పద్ధతి. ఖాళీగా వేలాడదీసి ముల్లు సున్నా మీదే ఉందని చూశాను. బరువు అచ్చేసి ఉన్న దాణా బస్తా ఎత్తి చూశాను, సరిగ్గా చూపించింది. తర్వాత పెద్దాయన లోపలికి వెళ్లినప్పుడు ట్రక్కులోంచి ఆయన మిషన్ తీసి అదే బస్తా పెట్టాను. అదీ సరిగ్గానే చూపించింది. నేను కూడా ఎక్కాను. ఇంట్లో మా మిషన్ ఎంత చూపిస్తుందో అంతే చూపించింది, ఒక్క పౌను మొహమాటం లేకుండా. రెండు తక్కెడలూ నిఖార్సుగా ఉన్నాయి. ఇక దొంగతనం ఎక్కడున్నట్టు? మనిషిలోనే ఉండాలి.

ఆ కంటితో చూడ్డం మొదలుపెట్టాక ఆయన చేసే ప్రతి పనీ దొంగపనిలాగే కనపడింది. ఇదివరకు నేను తెచ్చిన పులిహోర అడిగి మరీ పెట్టించుకు తినేవాడు. ఇప్పుడు "బావుంది, బావుంది" అంటూ రెండు మెతుకులు తిని, నేను చూడనప్పుడు మిగతాది కుక్కకి వేస్తున్నాడు. తప్పు చేసినవాడికి ఎదుటివాళ్ల ఉప్పు తినబుద్ధి కాదు కదా అనుకున్నాను. దూడని తూచి దింపగానే ట్రక్కు ఎక్కి, నాకు వీపు చూపిస్తూ చాలాసేపు కూర్చునేవాడు. మొహం చూపించలేకపోతున్నాడన్నమాట. ఆయన బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త బెజ్జాలు ఒకదాని తర్వాత ఒకటి కనపడ్డాయి. కొత్త బెల్టు కొనడానికే చేతులు రాని పిసినారి, ఆంబోతుని అమ్మేచోట అబద్ధానికి వెనకాడతాడా అనుకున్నాను. ఒకసారి దూడని దింపి రొప్పుతూ, "డాక్, ఈ ఏడు దూడలన్నీ తేలిగ్గా పడుతున్నాయి, కానీ నా చేతులకి మాత్రం బరువుగా ఉన్నాయి. వయసు మీద పడింది" అన్నాడు. ఏం నటనరా బాబూ అనుకున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నాడట. నేను అడక్కుండానే ఈయన తడుముకుంటున్నాడు.

మా ఆయనకి చెప్తే పప్పు కలుపుకుంటూ విన్నాడు. "నువ్వు కళ్లారా చూశావా, ఆయన తప్పు రాయడం?"

"తూకం చూశాను చాలదా? నిప్పు లేందే పొగ వస్తుందా?"

"అనుమానం పెనుభూతం అని కూడా అన్నారు. నువ్వెళ్లి ఆవిడతో ఏదో అంటావు, ఆయన నిన్ను జాబ్‌లోంచి తీసేస్తాడు, తీరా చూస్తే ఇంకేదో అవుతుంది. ముందు ప్రూఫ్ సంపాదించు."

"ఈలోపు ఆవిడ ఆంబోతుని తోలుకెళ్లిపోతే?"

ఆయన నెయ్యి వేసుకున్నాడు.

మార్చి వచ్చింది. తేడా ఇంకా పెరిగింది. బేరం దగ్గరపడేకొద్దీ అంకెలు దిగుతున్నాయి, ఇంతకన్నా ఏం కావాలి? నాకు ఒళ్లు మండిపోయేది. పక్క ఫారం ఆవిడ కంచె దగ్గర నన్ను పట్టుకుని, "నువ్వు చెప్పు, ఇవి నిజంగా తేలికేనా? నీ చేత్తో ఎత్తుతున్నావు కదా" అంది. అవునంటే ఆవిడ పడ్డల ఉసురు నాకు తగులుతుంది. కాదంటే ఆధారం చూపించాలి. "ఇంకో వారం ఆగండి, తొందరపడకండి" అన్నాను. ఆవిడ నా మొహంలోకి అదోలా చూసింది. వెళ్లేటప్పుడు రోజూలాగా చెయ్యి ఊపలేదు.

మర్నాడు నేను మామూలుకన్నా ముందే బయల్దేరి, తెల్లవారేసరికి ఫారం చేరుకున్నాను. కారు గేటు బయటే ఆపి కంచె వెంబడి నడిచి వెళ్లాను. పచ్చిక మీద పొగమంచు. ఒక ఆవు అప్పుడే ఈని దూడని నాకుతోంది. పెద్దాయన పలక పరిచి మిషన్ పెట్టాడు. దూడ కింద చేతులు పోనిచ్చి లేపబోయాడు, లేవలేదు. ఒక మోకాలు నేల మీద ఆన్చి, ఊపిరి తీసుకుని, మళ్లీ లేపాడు. కాళ్లు వణుకుతుండగా ఎక్కి నిలబడ్డాడు. దిగి దూడని తల్లి దగ్గర వదిలి, అంకె చూసి, పెదాలు కదుపుకుంటూ ట్యాగ్ మీద రాశాడు. నేను గబగబా వెళ్లాను. మిషన్ మీద అంకె ఇంకా వెలుగుతోంది, రెండు వందల డెబ్బై రెండు. ట్యాగ్ మీద అరవై రెండు.

"డాక్, ఇంత పొద్దున్నే వచ్చావేం?"

నేను దూడని ఎత్తుకుని కొట్టంలోకి నడిచాను. ఆయనా, ఆయన వెనక ఆవూ, దాని వెనక కుక్కా వచ్చారు. ఉయ్యాలలో వేసి ముల్లు చూపించాను. ఎనభై.

"నీ స్ప్రింగ్ పాతబడింది" అన్నాడు.

"స్ప్రింగ్ బానే ఉంది, బస్తా పెట్టి చూశాను. మీ మిషన్ కూడా బానే ఉంది, దాన్నీ చూశాను. మరి ఈ పద్దెనిమిది పౌన్లు ఎక్కడికి పోయాయి? పొద్దున్న మీరు రాసేటప్పుడు ఉన్నాయా, లేవా?"

ఆయన మొహం ఎర్రబడింది. "నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. నన్ను ఈ మాట ఎవరూ అడగలేదు."

"అడగాల్సింది."

"నా కళ్ల ముందే ఉంది అంకె. రెండు డెబ్బై రెండు. అందులోంచి నా రెండు వందల పది తీస్తే అరవై రెండు. తీసివేత మీ దేశంలో వేరేగా ఉంటుందా?"

కోపంతో ఏదో అనబోయాను. నోరు తెరిచినదాన్ని అలాగే ఆగిపోయాను. ఎదురుగా ఆయన నిలబడి ఉన్నాడు. చొక్కా భుజాల మీద నుంచి జారి వేలాడుతోంది. మా అమ్మ గొంతు పక్కనుంచి పలికినట్టే వినపడింది. నేను నా తక్కెడ ఖాళీగా చూశాను, ఆయన మిషన్ ఖాళీగా చూశాను. కానీ ఆయన పద్ధతిలో దూడని మోసే పళ్లెం ఆ మిషన్ కాదు. పళ్లెం ఆయనే.

"ఖాళీ తక్కెడ చూపించు" అన్నాను, తెలుగులోనే.

"ఏంటి?"

"మీరు ఒక్కరే ఎక్కండి. దూడ లేకుండా. ఒకసారి."

"ఎందుకు? నేను రెండు వందల పది."

"ఎప్పుడు చూసుకున్నారు?"

ఆయన వెళ్లి మిషన్ తెచ్చి కొట్టం సిమెంటు మీద పెట్టి, నామీద కోపంతోనే ఎక్కాడు. నూట తొంభై రెండు. దిగాడు. బ్యాటరీ పోయి ఉంటుందన్నాడు. మళ్లీ ఎక్కాడు. నూట తొంభై రెండు. దిగకుండా అలాగే నిలబడి కింద అంకెనే చూస్తూ ఉండిపోయాడు. ఆవు తన దూడ కోసం అరుస్తోంది. నేను ఉయ్యాల విప్పి దూడని దింపాను.

"ఆ రెండు వందల పది మా ఆవిడ చెప్పింది" అన్నాడు. "ప్రతి ఏడూ మొదటి దూడ పడకముందే నన్ను ఈ మిషన్ ఎక్కించేది. నేను దూడని ఎత్తుకుంటే ఆవిడ అంకె చూసి రాసేది. ఆఖరిసారి చూసినప్పుడు రెండు వందల పది. ఆ తర్వాత నేనెప్పుడూ ఒక్కణ్ణే ఎక్కలేదు."

రోజూ నేను చేసే పనుల్లో ఆవుల ఒంటి పుష్టికి మార్కులు వెయ్యడం ఒకటి. పక్కటెముకలు తడిమి, తోక మొదలు నొక్కి చూసి, ఏది చిక్కిందో ఏది బలిసిందో చెప్పాలి. ఏ ఆవు కాస్త తగ్గినా నాకే ముందు తెలిసేది. అదే కొట్టంలో, అవే ఆవుల మధ్య, ఈ మనిషి నెలల తరబడి నా కళ్ల ముందే కరిగిపోతుంటే, ఆ బెల్టు బెజ్జాలు చూసి పిసినారి అనుకున్నాను. తినలేక కుక్కకి వేస్తే దొంగ అనుకున్నాను. ఓపిక లేక ట్రక్కులో కూలబడితే సిగ్గుపడుతున్నాడు అనుకున్నాను. తగ్గింది దూడలు కాదు.

"డాక్టర్ దగ్గరకి వెళ్దాం, ఇప్పుడే" అన్నాను.

"నువ్వు డాక్టర్‌వే కదా."

"నేను ఆవుల డాక్టర్ని."

"నన్నూ దూడతో కలిపే తూచావుగా" అని నవ్వబోయి, జేబులోంచి ఫోన్ తీశాడు. ఆస్పత్రికనుకున్నాను. కాదు, పక్క ఫారం ఆవిడకి. "ఆ నల్ల ఆంబోతు నీ పడ్డలకి పనికిరాదు. బరువులు తప్పు రాశాను. అన్నీ తప్పే" అని చెప్పాడు. ఆవిడ అటునుంచి ఏదో అడిగింది. "లేదు, తక్కెడ బానే ఉంది, తప్పు నాదే. నా పాత ఆంబోతు ఉంది చూడు, అది ఎన్నేళ్లుగానో తేలిక దూడలే ఇస్తోంది, ఆ బరువులు మా ఆవిడ రాసినవి. ఈ ఏటికి దాన్ని తోలుకుపో" అన్నాడు. అప్పుడు నా కారెక్కాడు.

దారిలో మాట్లాడకుండా ఉండలేక, నాకు ఆ మాట ఎక్కడిదో చెప్పాను. అమ్మ సంగతి, చింతపండు ముద్దలు, తూచేటప్పుడు పళ్లెం మీద బొటనవేలు ఆన్చే బండివాళ్ల సంగతి. ఆయన కిటికీలోంచి చూస్తూ విన్నాడు. "అంటే ఇన్నాళ్లూ నా బొటనవేలు వెతుకుతున్నావన్నమాట" అన్నాడు.

"అవును" అన్నాను. ఇంకేం అనను, అబద్ధం చెప్పనా?

"మంచిదే. మా ఆవిడ పోయాక నన్ను అంత పట్టించుకుని చూసినవాళ్లు లేరు."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. రోడ్డు మీద కళ్లు పెట్టి డ్రైవ్ చేశాను.

పొట్టలో గడ్డ అన్నారు. ఏప్రిల్‌లో ఆపరేషన్ చేసి చాలా మేరకు తీసేశారు, మిగతాదానికి మందులు. ఆస్పత్రి మంచం మీద నుంచి ఆయన నాకు చెప్పిన మొదటి పని ట్యాగుల గురించి. తను తూచిన దూడలన్నిటికీ ట్యాగ్ వెనకాల అంకె చెరిపెయ్యమన్నాడు. సరిచేసి రాయనా, ఇంత తగ్గి ఉంటారని అంచనా వేస్తే లెక్క వస్తుంది కదా అన్నాను. "ఏ రోజుకి ఎంత తగ్గానో నీకు తెలుసా? తెలియదు. తెలియనిది ఖాళీగా వదిలెయ్" అన్నాడు. పక్క ఫారం ఆవిడా నేనూ ఒక్కో దూడనీ పట్టుకుని, స్పిరిట్ గుడ్డతో తుడిచాం. పని అయ్యాక ఆవిడ, ఆ రోజు కంచె దగ్గర నువ్వు మోసం చేస్తున్నావేమో అనుకున్నాను అంది. నేను ఆయన్ని అనుకున్నాను అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆవిడ పడ్డల్లోకి వెళ్లిన పాత ఆంబోతు కంచెకి అవతల మేస్తూ కనపడింది.

మళ్లీ జనవరి వచ్చింది. పెద్దాయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. దూడల్ని ఎత్తేది ఇక నేనే, అన్నీ ఉయ్యాలలోనే. మొదటి ఆవు ఇంకా ఈనకముందు, ఒక పొద్దున ఆయన ఆ బాత్రూం మిషన్‌ని ఇంట్లోంచి తెచ్చి కొట్టంలో సిమెంటు మీద పెట్టాడు. దానితో ఇప్పుడు ఎవరికీ పని లేదు. బూట్లు విప్పి, కర్ర నా చేతికిచ్చి, దానిమీద ఎక్కాడు. "నాకు వంగడం కష్టం. ఎంతో చూసి చెప్పు, డాక్" అన్నాడు.

వంగి చూశాను. నూట అరవై ఎనిమిది. ఆస్పత్రి నుంచి వచ్చినప్పటికన్నా కూడా తక్కువ. ఆయన పైనుంచి అడుగుతున్నాడు, "ఎంత?" ఆ గొంతులో ఆశ ఉంది, దాన్ని వినకుండా ఉండలేకపోయాను. ఇన్నేళ్లుగా ప్రతి తక్కెడ దగ్గరా దొంగని వెతికినదాన్ని, తూకంలో మోసం చెయ్యాలని నాకు మొదటిసారి అనిపించింది.

"నూట డెబ్బై ఆరు. పర్లేదు, పెరుగుతున్నారు" అన్నాను.

ఆయన దిగాడు. అంకె ఇంకా వెలుగుతూనే ఉంది. దాన్ని కాలితో కప్పేద్దామని ముందుకి జరిగాను గానీ, ఆయన నా భుజం పట్టుకుని ఆసరా చేసుకుని, కష్టంగా, మెల్లగా, వంగడం మొదలుపెట్టాడు. కిందిదాకా వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచాక నావైపు తిరిగితే ఆయన కళ్లలో నీళ్లున్నాయి, పెదాల మీద నవ్వుంది.

"బొటనవేలు తియ్, డాక్" అన్నాడు. జేబులోంచి కొత్త ట్యాగూ పెన్నూ తీసి, వెనకాల నూట అరవై ఎనిమిది అని రాసి, దూలానికి ఉన్న మేకుకి తగిలించాడు.